సంపంగిగూడ నంబరు

భానోజీ మాస్టారికి వాదన పడదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక విశాఖపట్నంలో ఒక ట్రస్టుకు సర్వర్ల పని చూస్తున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు. అది మాటవరసకు అనే మాట కాదు. నిజంగానే వెళ్లి చూస్తారు, అడిగినవాళ్లను వెంటబెట్టుకుని.

ఆ ట్రస్టు కొండప్రాంతాల్లోని చిన్న ఆసుపత్రుల్లో రక్త నిల్వ కేంద్రాలు నడుపుతోంది. ప్రతి కేంద్రంలో రక్తం ఉంచే ఫ్రిజ్, దాని పక్కన ఒక చిన్న సర్వర్ ఉంటాయి. ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గితే సర్వర్ పసిగట్టి అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్‌కి హెచ్చరిక పంపాలి. ఇదివరకు ఈ సర్వర్ల సెట్టింగులు ఒక్కోదానికీ విడిగా, చేత్తో రాసేవారు. ఒకచోట ఒక చుక్క మరిచిపోయేవారు, ఇంకోచోట పక్క ఊరి పేరు ఉండిపోయేది. హిమజ ఉద్యోగంలో చేరాక ఆ బాధ తీరింది. ఆమె అన్నింటికీ కలిపి ఒకే మూస రాసింది. అన్ని కేంద్రాలకూ ఒకటే అయిన సంగతులు అందులో ఒక్కసారి ఉంటాయి. ఊరి పేరు, ఫ్రిజ్ రకం, ఫోన్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీలుంటాయి. వివరాలు అందిస్తే మూస ఆ ఖాళీలు నింపుకుని ఏ కేంద్రం సెట్టింగులు ఆ కేంద్రానికి పంపేస్తుంది.

"బాగా రాశావమ్మా" అన్నారు మాస్టారు. ఆయన ఆ మాట అనడం అరుదు.

చిక్కల్లా ఒకటే. ఏ కేంద్రం నుంచైనా ఒక్క వివరం రాకపోతే మూస ఎర్ర అక్షరాలతో మొరాయించి మొత్తం పని ఆపేసేది. హిమజకు అది నచ్చలేదు. ఫోన్ నంబరు రానిచోట విశాఖ ఆఫీసులోని డ్యూటీ ఫోన్ నంబరు వేసుకొమ్మని మూసలో ఒక వాక్యం చేర్చింది. ఆ తర్వాత అది ఎక్కడా ఆగలేదు. తెరమీద కేంద్రాలన్నీ పచ్చగా కనిపించాయి.

మాస్టారు ఆ వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది అవసరమా?"

"ఎందుకు వద్దు మాస్టారూ?" అంది హిమజ. "ఒక ఊరి నంబరు రాలేదని అన్ని ఊళ్ల పనీ ఎందుకు ఆగాలి? హెచ్చరిక ఎవరో ఒకరికి చేరుతుంది కదండీ. మన ప్రమేయం లేకుండా నడవాలనేగా ఇదంతా చేసింది?"

"చూద్దాం" అన్నారాయన.

నంబరు రాని కేంద్రాల్లో సంపంగిగూడ ఒకటి. మర్నాడు ఇద్దరూ ట్రస్టు జీపులో అక్కడికి వెళ్లారు. టెక్నీషియన్ పేరు బిడ్డిక సుగుణ. సర్వర్‌ని ఓసారి పరీక్షించుకుంటామని మాస్టారు చెబితే సరేనంది.

"ఫ్రిజ్ తలుపు మాత్రం ఎక్కువసేపు తెరిచి ఉంచకండి సార్. ఉన్న రెండు సంచులూ ఆవిడకే" అని వరండా వైపు చూపించింది. అక్కడ బల్లమీద నిండు గర్భిణి ఒత్తిగిలి పడుకుని ఉంది. కాళ్ల దగ్గర భర్త కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆపరేషన్.

మాస్టారు ఫ్రిజ్‌లోంచి సెన్సర్ తీగ ఒక్కటే బయటికి తీసి, తలుపు మూసి, ఆ తీగ కొసను గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ముంచారు. రక్తం చల్లగానే ఉంది. సర్వర్‌కి మాత్రం ఫ్రిజ్ వేడెక్కినట్టే లెక్క.

కాసేపటికి హిమజ ల్యాప్‌టాప్‌లో "హెచ్చరిక చేరింది" అని పడింది.

"చూశారా మాస్టారూ! ఆఫీసులో డ్యూటీ ఫోన్ దగ్గర కిరీటి ఉన్నాడు. ఇప్పుడు ఇక్కడికి ఫోన్ చేస్తాడు."

ఇద్దరూ కూర్చున్నారు. పక్క గదిలో సుగుణ తన పని తాను చేసుకుంటోంది. ఆమె ఫోన్ ఇక్కడ ఫ్రిజ్ పక్క బల్లమీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. ఇంతలో గర్భిణి భర్త గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"రక్తానికి ఏటీ ఇబ్బంది లేదు కదమ్మా? మా ఆడమనిషి బెంగెట్టుకుంది."

"ఏం లేదండీ" అంది హిమజ. అంటూనే బల్లమీది ఫోన్ వైపు చూసింది. అతను వెళ్లాక ఇక ఉండబట్టలేక ఆమే ఆఫీసుకు ఫోన్ చేసింది.

"కిరీటీ, సంపంగిగూడ హెచ్చరిక వచ్చిందా?"

"ఎప్పుడో వచ్చిందండీ. ఎవరికి చెప్పాలో తెలీక తల పట్టుకున్నాను. అక్కడి నంబరు మీ దగ్గరుందా?"

"మన దగ్గర ఉండాలి కదా!"

"ఉంటే ఆ హెచ్చరిక నాకెందుకొస్తుంది హిమజ గారూ?"

హిమజ తెరమీది "హెచ్చరిక చేరింది" అన్న మాటలు మళ్లీ చదివింది.

"హలో, వింటున్నారా? అక్కడ పేషెంట్లెవరైనా ఉన్నారంటారా?"

"ఉన్నారు" అంది. ఇది పరీక్షేనని అతనికి చెప్పి ఫోన్ పెట్టేసింది. మాస్టారు సెన్సర్ తుడిచి ఫ్రిజ్‌లో యథాస్థానంలో పెట్టారు.

హిమజ లేచి సుగుణ దగ్గరికి వెళ్లి నంబరు అడిగింది. ఎందుకని ఆమె అడిగితే దాచకుండా చెప్పింది. "మీ ఫ్రిజ్ పాడైతే ఇన్నాళ్లూ మీకు తెలిసేది కాదండీ. నేను రాసిన దాంట్లోనే ఉంది తప్పు." సుగుణ ఒక క్షణం వరండా వైపు చూసి, తన నంబరు చెప్పింది.

మధ్యాహ్నం సుగుణ రక్తం సంచులు ఆపరేషన్ గదికి పట్టుకెళ్లింది. చాలాసేపటికి లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. భర్త రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వరండాలో ఖాళీ అయిన బల్లమీద కూర్చుని హిమజ మూస తెరిచింది. సుగుణ నంబరు నింపి, తాను చేర్చిన వాక్యం కొట్టేసి మళ్లీ నడిపింది. సంపంగిగూడ దాటింది. ఆ తర్వాత ఎర్ర అక్షరాలతో ఇంకో ఊరి పేరు, పక్కనే "ఫోన్ నంబరు లేదు" అని పడింది.

"మళ్లీ ఆగిపోయింది మాస్టారూ."

ఆయన వంగి తెరమీదికి చూశారు.

"ఆగలేదమ్మా" అన్నారు. "అడుగుతోంది."