ఫోటో మూలనున్న ఆకు

గుర్నాథం గారికి ఒక అలవాటుండేది. వంట మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళని ఏమేం వండాలని ముందు అడిగేవారు కాదు. "మీలో ఎవరు ఏం తినరు?" అనేవారు. దానిమీదే అరగంట గడిచిపోయేది. ఒకరికి వంకాయ పడదు, ఒక మామగారికి పళ్ళు లేవు, ఫలానా పిన్నిగారు కాశీలో కాకరకాయ వదిలేశారు. రామచంద్రపురంలో యాభై ఏళ్ళు వంట మేస్త్రిగా బతికిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేశారు గాని, శిష్యులు ఆయన వీధరుగు మీదికి వస్తూనే ఉండేవారు. పక్కింటివాణ్ణి కనక నేనూ చేరేవాణ్ణి.

ఆ శిష్యుల్లో ఫణీంద్ర ఒకడు. ముప్ఫై ఏళ్ళవాడు, వంటలో చెయ్యి తిరిగినవాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో తన వంటలకి పేజీ పెట్టుకున్నాడు. ఒకనాటి మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"మేస్త్రిగారూ, నాదొక సందేహం. రోజూ వీడియో పెడుతున్నాను. పండక్కి శుభాకాంక్షలు, పుట్టినరోజుకి కేకు బొమ్మ, ఏదడిగినా నిమిషంలో జవాబు. పదకొండు వేల మంది చూస్తున్నారు. వాళ్ళలో నా మనిషి అనదగ్గవాళ్ళు ఒక్కరూ లేరెందుకండీ?"

"ఏమయిందిరా?" అన్నారు గుర్నాథం గారు.

జరిగింది ఇదీ. రాయపూర్‌లో టీచరుగా పనిచేసే హైమవతి అనే ఆవిడ తండ్రి ఇక్కడ కాలం చేశారు. ఆవిడ ఫణి పేజీ చూసి, ఫోన్లోనే పన్నెండో రోజు భోజనాలు మాట్లాడుకుంది. వంట బాగానే కుదిరింది. మర్నాడు పొద్దున్న, భోజనం పెట్టిన ప్రతి ఇంటికీ దానంతటదే వెళ్ళే మెసేజ్ ఆవిడకీ వెళ్ళింది. 'మా వంట మీకు నచ్చిందని ఆశిస్తున్నాం. త్వరలోనే మీ ఇంట ఇలాంటి మరో కార్యక్రమానికి మమ్మల్ని పిలవండి.' కింద లడ్డూ బొమ్మ.

అశుభం జరిగిన ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనడానికి కూడా జంకే మనుషులం మనం. లేచి, మాట్లాడకుండా నడిచి వచ్చేస్తాం. వెనకటి ఉత్తరాలూ అంతే. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు. చావు కబురు తెచ్చే కార్డుకి అంచున నల్ల సిరా. మా నాన్నగారు దాన్ని గడప దాటనివ్వకుండా వీధిలోనే చదివి చింపేసేవారు. అంచు చూస్తే చాలు, అక్షరం చదవకముందే మొహం దానికి తగ్గట్టు మారేది. ఫోను తెరకి ఆ అంచు లేదు. పెళ్ళీ కర్మా ఒకే చప్పుడు చేసుకుంటూ వస్తాయి. సరే, అసలు సంగతికి వస్తాను.

ఆ మెసేజ్ హైమవతి బంధువుల గ్రూపులో తిరిగింది. వైశాఖంలో వాళ్ళ బాబాయి కూతురి పెళ్ళి; ఎనిమిది వందల ఆకులు. ఫణికి అంత పెద్ద పెళ్ళి వంట దొరకడం అదే మొదలు. ఆ బాబాయి ఫోన్ చేసి, "నీ వంట కోసం ఈసారి మాలో ఎవర్ని పైకి పంపించమంటావయ్యా?" అని అడిగి పెట్టేశారట. పెళ్ళి వంట ఇంకొకరికి ఇచ్చేస్తామని సాయంత్రానికి కబురొచ్చింది.

"క్షమాపణ వీడియో చేద్దామనుకుంటున్నానండి," అన్నాడు ఫణి. "పక్కన మీరు కూడా కూర్చుంటే కాస్త బరువుగా ఉంటుంది."

మేస్త్రిగారు వీడియో మాట పక్కన పెట్టి, "ఆ రోజు ఫోటోలున్నాయా?" అన్నారు.

"లేకేమండీ. పేజీలో పెట్టాను కూడా. గారెల ఫోటోకి రెండు వేల లైకులు." అనేశాక తల దించుకున్నాడు.

ఆ ఫోటో తెరిపించి, రెండు వేళ్ళతో పెద్దది చెయ్యడం ఎలాగో నేర్పించుకున్నారు గుర్నాథం గారు. గారెల గుట్ట దాటి, నేతిగిన్నె దాటి, వెనకనున్న భోజనాల బంతిలోకి వెళ్ళారు. మూలన, వరసకి ఆఖరున ఒకావిడ కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఆకులు సగానికి పైగా ఖాళీ. ఆవిడ ఆకులో వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. అన్నం కలపలేదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"ఈవిడెవరు?"

"తెలీదండి."

"నువ్వు తీసిన ఫోటోయే కదరా."

ఫణి కాసేపు చూశాడు. వాట్సాప్‌లో హైమవతి బొమ్మ తెరిచాడు. మళ్ళీ ఈ ఫోటోకి వచ్చాడు, మళ్ళీ ఆ బొమ్మకి వెళ్ళాడు. కళ్ళజోడు ఒక్కటే తేడా.

"ఆవిడేనండి," అన్నాడు నెమ్మదిగా.

"పదకొండు వేల మంది చూశారన్నావు."

ఆ ఫోటో నేనూ చూశాను. బాగుందని వేలు కూడా నొక్కాను.

"ఎందుకు తినలేదో అడుగు," అన్నారు.

"ఇప్పుడాండీ? తిట్టిపోస్తుంది."

"తిట్టనీ. మాట్లాడినట్టేగా."

ఫణి రాయడం మొదలుపెట్టాడు. సాంకేతిక లోపం, మా సంస్థ తరఫున, చింతిస్తున్నాం, ఆరు దణ్ణాల బొమ్మలు. మేస్త్రిగారు అంతా చదివించుకుని, ఒక్కొక్కటే తీసేయించారు. ఆఖరికి వెళ్ళింది ఇంతే: 'అమ్మా, నేను పంపింది తప్పు. ఆ రోజు మీరు భోంచెయ్యలేదని ఇవాళే ఫోటోలో చూశాను. ఎందుకని?'

టిక్కులు నీలమయ్యాయి. జవాబు లేదు. కాఫీలు తాగాం. పాలవాడు వచ్చి వెళ్ళాడు. అప్పుడు వచ్చింది వాయిస్ మెసేజ్, ఆవిడ గొంతుతోనే.

"ఏం చెప్పనండీ. మా నాన్నగారికి అరటిదూట పెరుగుపచ్చడంటే ప్రాణం. మీకు మొట్టమొదట రాసింది ఆ మాటే. ఆఖర్న వడ్డిస్తారేమోనని చూస్తూ కూర్చున్నాను. ఈలోపు బంతి లేచిపోయింది." కొంచెంసేపు ఫ్యాను చప్పుడు. "మీ గారెలు బాగున్నాయన్నారు అందరూ. బాబాయి గారింట్లో ఉన్నాను. ఎల్లుండి నాకు రైలు."

ఫణి వేలితో పైకి జరుపుకుంటూ పోయాడు. లడ్డూ దాటి, మెనూ బొమ్మలు దాటి, మొదటికంటా వెళ్ళాడు. పెద్ద మెసేజ్. ఆవ తక్కువ, కొబ్బరికోరు ఎక్కువ, పెరుగు పుల్లబడకూడదు. నాన్నగారు ఒక్కోసారి దానితోనే భోజనం ముగించేవారు. అంతా ఓపిగ్గా రాసింది. దాని కిందే ఫణి పేరు మీద ఒక ఎర్ర గుండె, 'ధన్యవాదాలు! మా మెనూ ఇదిగో' అన్న మాట. రెంటికీ మధ్య నిమిషం కూడా లేదు.

"నేను చదవలేదండి. అది దానంతటదే..." అని ఆగిపోయాడు. తరవాత, "ఇప్పుడేం రాయమంటారు?" అన్నాడు.

"పెరట్లో గెల కోసిన అరటిచెట్టొకటుంది," అన్నారు గుర్నాథం గారు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఫణి పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు. అరటిబోదె లోపలి ఆ తెల్లటి దూట తరగడం ఎరగనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. చక్రాల్లా కోస్తుంటే ప్రతి కోతకీ సాలెగూడు దారంలాంటి పీచు సాగుతుంది. దాన్ని వేలికి చుట్టి తీసేస్తూ పోవాలి. తొందరపడితే అది తినేవాళ్ళ గొంతులో తగులుతుంది. తరిగిన ముక్కలు వెంటనే మజ్జిగలో పడకపోతే నల్లబడతాయి. తొమ్మిదింటికల్లా గిన్నె ఆ బాబాయి గారింటికి తీసుకువెళ్ళాలని ఫణి నిశ్చయించుకున్నాడు. గుమ్మంలోకి రానిస్తారో రానివ్వరో అతనికి తెలియదు.

రెండు చక్రాలు కోశాడు. పీచు తెల్లగా మెరుస్తూ సాగింది. అలవాటు చొప్పున ఎడంచేత్తో ఫోను తీసి దానిమీదికి పట్టాడు.

గుర్నాథం గారు పడక్కుర్చీలోంచి కదలకుండానే అన్నారు:

"దానికి రెండు చేతులూ కావాలి నాన్నా."