ఉత్తరీయం మీద తొమ్మిది బిరుదులు

ఆస్థాన పండితుడు గుండావధానికి తొమ్మిది బిరుదులు. పిలిచేటప్పుడు ఒక్కటి తగ్గినా ఊరుకునేవాడు కాదు. రేవులో బట్టలుతికే ఎర్రన్న, ఎవరి బట్టో తెలియడానికి నల్లజీడి రసంతో చిన్న చుక్క పెట్టేవాడు. తన ఉత్తరీయం మూలన ఆ చుక్క చూసి అవధాని మండిపడ్డాడు.

“నా అంతటివాడికి ఒక్క చుక్కా? రాజుగారిచ్చిన ఈ తెల్ల ఉత్తరీయం మీద తొమ్మిది బిరుదులకూ తొమ్మిది గుర్తులుండాలి. లేదా, రేపటినుంచి నీకు రేవే ఉండదు!”

“అట్టాగే అయ్యగారూ. ఏ బిరుదుకు చిన్న గుర్తు పెట్టమంటారు?”

“నా బిరుదుల్లో చిన్నదేదిరా? అన్నీ అరచేతంత పెట్టు!”

మర్నాడు నిండు సభలో అవధాని ఉత్తరీయం మడత విప్పాడు. తొమ్మిది నల్లటి మచ్చలు! జీడి మరక ఎంత ఉతికినా పోదు. అవధాని లబోదిబోమన్నాడు. రాజు ఎర్రన్నను పిలిపించి సంగతంతా విన్నాడు. ఆయనకు నవ్వాగలేదు.

“బిరుదులన్నీ కనిపిస్తున్నాయి. ఇంతకీ ఇందులో అవధానిగారెక్కడ?”

ఎర్రన్న అంచు మడత తిప్పి, మూలనున్న పాత చుక్క చూపించాడు.

“ఇదుగో ఏలికా. ఇవాళ కూడా ఈ చుక్క చూసే ఎవరి బట్టో పోల్చుకున్నాను.”

సభంతా గొల్లుమంది. ఆ వారం ఉతకడానికి బట్టల మూట ఇస్తూ అవధాని మెల్లగా అన్నాడు:

“ఎర్రన్నా, చుక్క చాలు.”