మీసాల మేనత్త

ఊళ్ళో ఎవరు కథ మొదలుపెట్టినా మధ్యలో అందుకుని నేనే పూర్తిచేస్తాను. పాపం, వాళ్ళ గొంతు నొప్పెడుతుందని నా బాధ. ఇంత దయాగుణం మా వంశంలో ఇంకెవరికీ రాలేదు. బడిలో నేర్చుకున్నది కాదు, బడికి వెళ్ళనే లేదు. దానంతటదే అబ్బింది.

ఈ కథ మాత్రం మా నాయనమ్మది. వేసవి మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తూ చెప్పేది. మేము పిక్కల కోసం వెళ్ళేవాళ్ళం, కథతో తిరిగొచ్చేవాళ్ళం. ఇప్పటికీ ఆ పుల్లటి వాసన తగిలితే ముందు గుర్తొచ్చేది ఆవిడ గొంతే.

ఒకానొక రాజ్యం ఉండేదట, వెలగకోట అని. దాన్నేలే గజకేసరిరాజుకి బిరుదులెక్కువ. భటుడు అవన్నీ చదివి ముగించేసరికి సభలో సగంమంది కునికేవారు. బిరుదుల్ని మించిన గర్వం రాజుగారికి ఇంకొకటుంది. తమ వంశంలో మూడు తరాలుగా ఆడపిల్ల లేదని. లేకపోవడమంటే పుట్టకపోవడం కాదు. పుట్టినదాని నోట్లో వడ్లగింజ వేసేవారు. బయటికి మాత్రం పాలు పడలేదనేవారు.

ఆ రాజుకి కవలలు పుట్టారు. ముందు కొడుకు, వెనకే కూతురు. కొడుకు కోసం నగారాలు మోగాయి. కూతుర్ని మంత్రసాని కాచమ్మకి అప్పగించి, పని మాత్రం ఉయ్యాల వేడుక అయ్యాకే కానివ్వమన్నారు. ముందే అయితే మైల వచ్చి వేడుక చెడుతుందట.

కాచమ్మ ఏడ్చుకుంటూ వెళ్ళి ఆస్థానంలో హాస్యగాడు పేరనతో చెప్పుకుంది. పేరన అంతా విని, కాసేపు మీసం మెలేసి, పెళ్ళాన్ని ఓ పట్టుచీర అడిగాడు.

వేడుకనాడు సామంతులందరూ వచ్చారు. పురోహితుడు మంత్రాలు చదివి, బిడ్డని ఉయ్యాల్లో వెయ్యడానికి మేనత్తని పిలవమన్నాడు. ఎవరూ కదల్లేదు. రాజుగారు పసివాడిగా ఉయ్యాలెక్కిననాడు వరసకి మేనత్త అయ్యే ముసలావిడనెవరినో పట్టుకొచ్చారుగాని, ఆవిడ ఎప్పుడో పోయింది. బంధువుల్లో చూద్దామంటే, రాజుగారింటి ఆచారం గొప్పదని వాళ్ళూ అదే పట్టుకున్నారు. కొడుకుని కనడం గురించే ఆలోచించారుగాని, ఉయ్యాల్లో వేసేదెవరని ఎవరికీ తట్టలేదు. ముహూర్తం దాటిపోతోంది.

అప్పుడొచ్చాడు పేరన. పట్టుచీర, తలనిండా పూలు, ముక్కు కింద గుబురు మీసాలు.

"ఏమిటయ్యా ఈ వేషం?" అన్నాడు రాజు.

"మేనత్తని, అన్నయ్యా."

"నాకు చెల్లెళ్ళు లేరని తెలీదూ?"

"తెలుసు. ఉండనిచ్చి ఉంటే నాకీ అవస్థ ఉండేది కాదు."

సామంతులు కండువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజుకి కోపం వచ్చిందిగాని, ముహూర్తం కోపం కోసం ఆగదు. పురోహితుడు కాసేపు తడుముకుని, చీరైతే ఉంది కదా, కానివ్వండన్నాడు. పేరన బిడ్డని ఉయ్యాల్లో వేశాడు. వేసి, తాడు పట్టుకుని నిలబడ్డాడు, ఊపలేదు. మేనత్త అడిగిన లాంఛనం ఇచ్చాకే ఉయ్యాల ఊపడం అక్కడి రివాజు.

సామంతుల ముందు తగ్గకూడదని రాజు ఛాతీ పొంగించాడు. "అడుగు. కాదంటే నేను గజకేసరినే కాను."

పేరన మూలన పాపతో కూర్చున్న కాచమ్మ ఒడివైపు చూపించాడు. "నా మేనకోడల్ని బతకనివ్వు."

రాజు తప్పించుకునే దారి వెతికాడు.

"మీసాల మేనత్త అడిగింది చెల్లుతుందా?"

"చెల్లకపోతే నేను వేసిన పిల్లాడూ ఉయ్యాల్లో చెల్లడు. తీసేస్తాను, ఇంకొకర్ని వెతుక్కో. ఈ పిల్లని ఉంచావా, రేపు వీడి కొడుక్కి సొంత మేనత్త ఉంటుంది. లేదూ, మా మనవడికి ఇప్పట్నుంచే చీర కట్టడం నేర్పుకోవాలి."

రాజు జవాబు చెప్పకముందే రాజమాత లేచింది. ముగ్గురు కూతుళ్ళని కని, ఒక్కరినీ పెంచని మనిషి. ఇన్నేళ్ళూ సభలో నోరు విప్పలేదు. కాచమ్మ ఒళ్ళోంచి పిల్లని తీసుకుని, అన్న పక్కనే పడుకోబెట్టింది. తర్వాత పేరనకేసి చూసింది. వాడి పైట భుజం మీంచి జారిపోతోంది.

"అమ్మాయీ, కొంగు సర్దుకో" అంది.

తల్లి నోట ఆ పిలుపు రాజు ఎన్నడూ వినలేదు. తల దించుకున్నాడు. తలెత్తేసరికి ఆ మీసాల అమ్మాయి హడావుడిగా కొంగు సర్దుకుంటోంది. ఇక నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, వడ్లగింజ ఆచారం నేటితో సరని దండోరా వేయించాడు. ఏటేటా పేరనకి ఆడపడుచు చీర పెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. కట్టుకున్నది పేరన పెళ్ళామేలెండి.

ఆ సభలో రాణి ఉంది. రాజమాత ఉంది, కాచమ్మ ఉంది. వాళ్ళందరికీ తెలిసిన మాట రాజు చెవికెక్కడానికి చీర కట్టిన మగాడెందుకు కావలసి వచ్చాడో, అది మాత్రం నాకింకా తెలీదు.