పాత పడవ చెక్కలో పొగడ మొక్క

అనగనగా, బండ్లకన్నా పడవలే ఎక్కువగా తిరిగే ఒక ఏటి ఒడ్డు రాజ్యం. దాన్ని పృథ్వీధరుడనే రాజు ఏలేవాడు.

రాజమాత గిరిజాంబ మంచం పట్టింది. ఆమె పుట్టింటి పొగడచెట్టు గాలివానకు కూలిపోయింది. దాని గింజల్లో మూడే మొలిచాయి.

"ఆ పూల వాసన ఇంకొక్కసారి చూడాలని ఉంది, నాయనా" అంది రాజమాత.

రాజు ఆ మూడు మొక్కలనూ తెప్పించాడు. తల్లి లేచి తోటకు వెళ్ళే స్థితిలో లేదు కనుక, ఆమె కిటికీ దగ్గరే పెంచాలనుకున్నాడు.

మొదట కంచరి ఇత్తడి తొట్టి తెచ్చాడు. అది అద్దంలా మెరిసింది. ఎండ తగిలేసరికి పెనంలా కాలింది. వేళ్ళు ఉడికి ఒక మొక్క చచ్చిపోయింది.

తరువాత ఆస్థాన వడ్రంగి వచ్చాడు. పచ్చని టేకుచెట్టును కొట్టించి, తొట్టి చేసి, దానిమీద నెమళ్ళు చెక్కాడు. పాలరాతి నేల తడుస్తుందని అడుగున రంధ్రం పెట్టలేదు. నీరు నిలిచి వేళ్ళు కుళ్ళాయి. రెండో మొక్కా పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. రాజుకు భయం పట్టుకుంది. రేవులో పడవలు బాగుచేసే సింగాచారిని పిలిపించాడు.

సింగాచారి ముందుగా చచ్చిన మొక్కలను పెకలించి వేళ్ళు చూశాడు. పిమ్మట రేవుకు వెళ్ళి, విరిగిన పడవల చెక్కలు ఏరాడు. ఒక్కొక్క చెక్కనూ వాసన చూసి, తారు వేళ్ళకు చేటని, అది పట్టినవాటిని పక్కన పెట్టాడు. మిగిలినవాటితో తొట్టి బిగించి, అడుగున రంధ్రాలు తొలిచి, పొట్టి కాళ్ళు అమర్చాడు. కింద ఒక మట్టి పళ్ళెం పెట్టాడు.

దాన్ని రాజమాత మంచం దగ్గరకు తెస్తే, రాజు వెంట వచ్చిన కొలువువాళ్ళందరూ నవ్వారు. రాజు ముఖం ఎర్రబడింది.

"మా అమ్మగారి ముందు చెత్త చెక్కలా? పోనీ, మొక్క తప్పక బతుకుతుందని మాట ఇస్తావా?"

"ఇవ్వలేను, ప్రభూ. ప్రాణం నా చేతిలో లేదు. దానికి ఊపిరాడే ఇల్లు కట్టడమే నా చేతనైన పని. ఈ చెక్క ఏళ్ళ తరబడి నానింది, ఎండింది. ఇక వంగదు, పగలదు. దీనికోసం మరో చెట్టును నరకనక్కరలేదు."

రాజమాత చెయ్యి చాచి ఆ గరుకు చెక్కను నిమిరింది.

"నాయనా, ఇంతవరకు వచ్చినవాళ్ళు నిన్ను చూసి తొట్లు చేశారు. ఇతను మొక్కను చూసి చేశాడు. ఇందులోనే నాటించు."

నెల తిరిగేసరికి కొత్త చిగురు వచ్చింది. మూడేళ్ళకు తొట్టి చాలక, సింగాచారి సలహాతో మొక్కను కిటికీ కింద నేలలో నాటారు. మరి నాలుగు వేసవులు గడిచాక అది పూసింది. ఆ ఉదయం రాజు రాలిన పూలు ఏరి, తల్లి దోసిట్లో పోశాడు. ఆమె కళ్ళు మూసుకుని, ఆ వాసనను తనివితీరా పీల్చుకుంది.

"ఏం కావాలో కోరుకో, ఆచారీ" అన్నాడు రాజు, సింగాచారిని పిలిపించి.

"పాత కలప ఉండగా పచ్చని చెట్టును కొట్టవద్దని ఆజ్ఞ వెయ్యండి, ప్రభూ. అదే చాలు."

ఆనాటినుంచి ఆ రాజ్యంలో విరిగిన పడవ చెక్కను కూడా ఎవరూ పారేయలేదు.

చూసేవారి మెప్పుకోసం చేసిన పని మెరుస్తుంది; బతికేదాని మేలుకోరి చేసిన పని నిలుస్తుంది.