ఆవిరి యంత్రానికి రెండు పలకలు

దొరతనం వారి రోజుల్లో ఒకానొక చిన్న సంస్థానాన్ని విజయభూపతి రాజావారు ఏలుతుండేవారు. ఏలడమంటే ఏముంది, దొరలు ఏలనిచ్చినంత మేరకే! అందుకని ఆయన తన ప్రతాపమంతా ఇంగ్లీషు మీద చూపించేవారు.

తోటకు నీళ్లు తోడడానికి సీమ నుంచి ఆవిరి యంత్రం తెప్పించారు. లోపలి ఆవిరి వదలకుండా దాని మూత తీస్తే ఒళ్లు కాలుతుంది. 'తీసే ముందు ఆవిరి వదలాలి' అన్న హెచ్చరికను ఇంగ్లీషులోనే పలక మీద రాయించాలని రాజావారి పట్టు.

"'బిఫోర్ ఓపెనింగ్' అని రాస్తే సరిపోతుంది ప్రభూ," అన్నాడు దివాను.

"ఛీ, బజారు మాట! 'ప్రయర్ టు ఓపెనింగ్' అంటేనే మన సంస్థానానికి పరువు," అన్నారు రాజావారు.

రెంటికీ అర్థం 'తీసే ముందు' అనే. అయినా వాదన తెగలేదు. ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ పేరిశాస్త్రి పూటకో పక్షాన చేరి, ఇద్దరినీ ఎగదోసి వినోదం చూశాడు. పలక మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

ఒకనాటి ఉదయం యంత్రం నడిపే పైడయ్య నీళ్లు నింపుదామని మూత తీశాడు. కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది.

ఆ పూట పేరిశాస్త్రికి అన్నం సయించలేదు. యంత్రం పక్కగా రోజూ నడిచి వెళ్లేవాడే, ఒక్కమాట నోటితో చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మనసు దొలిచేస్తుంటే తిన్నగా కొలువుకు వెళ్లాడు.

"చూశావా శాస్త్రీ, పలక లేకపోబట్టే ఇంత జరిగింది. ఏ మాట రాయాలో ఇవాళ తేల్చేద్దాం," అన్నారు రాజావారు.

"రెండూ రాయించి కట్టించండి మహాప్రభో. దేన్ని చూసి పైడయ్య ఆగుతాడో అదే గెలిచినట్టు," అన్నాడు శాస్త్రి.

పందెం రాజావారికి నచ్చింది. చల్లారిన యంత్రానికి రెండు పలకలూ కట్టించి, చేతికి గుడ్డ చుట్టుకున్న పైడయ్యను పిలిపించి మూత తియ్యమన్నారు. అతడు పలకలు రెంటికీ దణ్ణం పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని మూత మీద ఎడంచెయ్యి వేశాడు.

"ఆగరా! అక్కడ రాసింది చూళ్లేదూ?" అన్నారు రాజావారు.

"సూసినాను బాబూ. దొరల దేవుడి పేరేమో అనుకున్నాను. నాకు తెలుగు సదువే నేదు, ఇంగిలీసు ఎక్కడొస్తాది?"

"మరి ఎవరూ నోటితోనైనా చెప్పలేదా?" అన్నాడు దివాను.

"నాకెవులు సెప్తారు బాబూ?"

రాజావారు పడీ పడీ నవ్వారు. "మా ఇద్దర్నీ ఓడించావయ్యా శాస్త్రీ!" అంటూ తన బంగారు కడియం తీసి శాస్త్రికి తొడిగారు. పైడయ్యకు బతికినన్నాళ్లూ బత్తెం ఇమ్మని దివానుతో చెప్పారు.

శాస్త్రి ఆ కడియాన్ని తీసి పైడయ్య ముందు పట్టాడు. "నీకే చెందాలిరా ఇది, తొడుక్కో."

"ఏ సేతికి బాబూ?" అన్నాడు పైడయ్య. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడిగాడు.

ఎన్నో కొలువులను నవ్వించిన పేరిశాస్త్రి ఆ కడియాన్ని తనే అతడి ఎడంచేతికి తొడిగాడు.