చూపురాయి మీద పసుపు గుడ్డ

అనగనగా ఒక ఊళ్ళో, కొండ మొదట్లో, సింహాలు అని ఒక పిల్ల ఉండేది. నీ అంత పిల్లే. నోరు మాత్రం నీకంటే పెద్దది. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి, లేకపోతే కథ దారి మధ్యలో కూర్చుంటుంది.

ఆ సింహాలుకి ఒక అప్ప ఉంది. అప్ప అంటే అక్కే, ఆ వైపు వాళ్ళు అలా పిలుస్తారు. పేరు దేముడమ్మ. సింహాలుకి తల దువ్వింది అప్పే, బువ్వ పెట్టింది అప్పే, పక్కలో వేసుకుని జోకొట్టిందీ అప్పే. వేసంకాలంలో ఆ అప్పకి పెళ్ళయింది. లోయ అవతలి ఊరికి కాపరానికి వెళ్ళింది. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. మధ్యలో గెడ్డ ఒకటుంది, కొండవాగు, అది పొంగింది. ఇంక అటు మనిషి ఇటు రాలేదు, ఇటు మనిషి అటు పోలేదు. ఎలా ఉందో ఏమోనని సింహాలు రోజూ బెంగపడేది.

అయితే ఆ ఊళ్ళకి ఒక ఆచారం ఉంది. వానలు వెనకపట్టి, ఆకాశం కడిగిన పళ్ళెంలా అయ్యాక, గెడ్డ ఇంకా తగ్గకముందే, కార్తీకంలో ఒకనాడు ఊరంతా కొండెక్కుతుంది. పైన చూపురాయి అని పెద్ద బండ. లోయకి అవతల కొండ మీద కూడా అలాంటి బండే ఉంది. అత్తింటికెళ్ళిన ఆడపిల్లలు ఆ బండ ఎక్కుతారు, పుట్టింటివాళ్ళు ఈ బండ ఎక్కుతారు. అంత దూరానికి మొహాలు ఆనవు కదా! అందుకని ఇంటికో రంగు గుడ్డ. ఒకరి రంగు ఇంకొకరు తేకూడదు. కట్టుకునేవి మాత్రం అందరూ తెల్లబట్టలే. తన ఇంటి గుడ్డ ఎగిరితే ఆడపిల్ల మావాళ్ళు చల్లగా ఉన్నారనుకుంటుంది. ఎగరలేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారన్నమాట.

సింహాలు వాళ్ళింటిది ఎరుపు. ఎప్పుడో ముత్తవ్వ కట్టిన చీర ముక్క, నిండా చిరుగులే. ముందురోజు దాన్ని చూసి సింహాలు మూతి ముడిచింది. మా అప్పకి ఈ పాతగుడ్డ చూపిస్తామా అనుకుంది. అప్పుడు కొత్త తువ్వాలు ఒకటి తీసింది. పసుపు కలిపి ముంచింది. ఎండేసింది. అమ్మ చూడకుండా బుట్టలోంచి పాతది తీసేసి, కొత్తది మడతపెట్టి ఉంచింది. ప్రేమ ఎక్కువైనప్పుడు బుద్ధి కాస్త పక్కకి తప్పుకుంటుందిలే, మనకి తెలీనిదా!

తెల్లారి బయల్దేరారు. ముందు రాళ్ళదారి వచ్చింది. ఆ తర్వాత వెదురుతోపు వచ్చింది. ఆ తర్వాత నిట్టనిలువు ఎక్కుడు. సింహాలు కాళ్ళు లాగేస్తున్నా ఎత్తుకోమనలేదు. ఆవు ఈనిందని, తన పన్ను ఊడిందని, పక్కింటి కోడి తనని పొడిచిందని, అప్పకి చెప్పాల్సినవన్నీ గొణుక్కుంటూ ఎక్కింది.

పైకి వెళ్ళేసరికి అవతలి బండ మీద ఆడపిల్లలు చీమల్లా కనబడ్డారు. డప్పులు మోగాయి. కేకలు లేచాయి. ఒక్కో గుడ్డా పైకి లేచింది, నీలం, ఊదా, ఆకుపచ్చ. అమ్మ బుట్టలో చెయ్యి పెట్టింది.

"ఏటే ఇది? ఎర్రదేదీ?"

"అప్పకి కొత్తది సూపిద్దామనీ..."

"ఓసి పిచ్చిదానా! ఎనక్కి తిరిగి సూడు."

సింహాలు తిరిగి చూసింది. బండ వెనక కొండవాలంతా వలిసె చేలు. కార్తీకంలో వలిసె పూసిందంటే కొండకి పసుపు తప్ప ఇంకో రంగు ఉండదు. ఆ పసుపులో ఈ పసుపు ఎవరికి కనబడుతుంది? పైగా అప్ప వెతికేది ఎరుపుని.

సింహాలు మొదట గుడ్డ పట్టుకుని గెంతింది. ఆ తర్వాత మావయ్య భుజాలెక్కి ఊపింది. ఆ తర్వాత వెదురుగడకి కట్టి ఎత్తించింది. ఎంత ఎత్తితే అంత పూలల్లో కలిసిపోయింది ఆ పాడుగుడ్డ!

అవతల ఒక్కో పిల్లా తన గుడ్డ చూసుకుని ఎగురుతోంది. ఒక్కతి మాత్రం ఆ చివరికీ ఈ చివరికీ పరిగెత్తింది. ఆఖరికి బండ మీద కూలబడింది. తల మోకాళ్ళలో పెట్టుకుంది.

"అమ్మా, అదప్పే! మనింట్లో ఎవరో పోనారనుకుంటంది!" అని సింహాలు ఏడుపు లంకించుకుంది. ఇంటికెళ్ళి ఎర్రది తెచ్చే వ్యవధి లేదు. లోయలోంచి అప్పటికే మంచు పైకి లేస్తోంది.

అప్పుడు సింహాలు బండ అంచుకి వెళ్ళి అరిచింది. ఆ డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? అది చూసి వాళ్ళమ్మ ఊరివాళ్ళవైపు తిరిగి నడుం మీద చెయ్యి పెట్టింది.

"ఓలోలి, కూసింతసేపు ఆపండర్రా! నా పెద్దకూతురు మేం పోనామనుకుని ఏడుస్తంది!"

డప్పు ఆగింది. కేకలు ఆగాయి. ఒక చంటిది రాగం తీయబోతే తల్లి పాలకి పెట్టుకుంది. ఊరు ఊరంతా, పెళ్ళిలో కూడా నోరు ముయ్యని ఊరు, సింహాలు కోసం నోరు మూసుకుంది.

"అప్పా!" అంది సింహాలు.

"అప్పా!" అంది అవతలి కొండ.

"అమ్మా, కొండే పలుకుతోంది. అప్ప పలకట్నేదు."

"మళ్ళీ పిలువే, తల్లీ."

ఈసారి ఆవూ పన్నూ కోడీ ఒక్కటీ నోటికి రాలేదు. గుండెలో ఉన్నదే వచ్చింది.

"అప్పా! బువ్వ తిన్నావా?"

తిన్నావా, తిన్నావా అని కొండ రెండుసార్లు అంది. అప్పుడు, కూలబడ్డ మనిషి లేచి నిలబడింది.

"తిన్నానే, బంగారూ! నువ్వు తిన్నావా?"

కొండకి అంత మాట రాదు కదా! అది అప్పే.

"నేదు! నువ్వొచ్చి పెట్టు!" అని అరిచింది సింహాలు.

ఊరంతా ఘొల్లున నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం కళ్ళొత్తుకుంది. అంతలో మంచు వచ్చి అవతలి కొండని కప్పేసింది. మనిషి కనబడలేదు కానీ మంచులోంచి మాట వచ్చింది.

"ముందు నువ్వు తిను! గెడ్డ తగ్గగానే నానొచ్చేత్తాను!"

అప్పుడు సింహాలు అక్కడే బండ మీద చతికిలబడింది. అమ్మ తెచ్చిన బువ్వ మూట విప్పించుకుంది. ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకోవడం, మంచులోకి "తింటన్నానప్పా!" అని అరవడం. మెతుకు మిగలకుండా అలాగే తింది.

కథేమో కంచికి, సింహాలేమో మంచానికి,
అప్పేమో అత్తింటికి, నిద్రేమో నీ కంటికి.