ముందు కూర్చో, పుట్టి కదలాలి

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, కృష్ణ ఒడ్డున చందక్క అనే ముసలావిడ ఉండేది. తోలు కప్పిన గుండ్రటి వెదురు పుట్టిలో జనాన్ని ఏరు దాటించేది. నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఆ పుట్టి, ఒక తెడ్డు, ఇంత నోరు. తిట్టే నోరు కాదులెండి, అడిగే నోరు.

అవతలి కొండమీది భిక్షువులను భిక్షకు ఆవిడే దాటించేది. వాళ్ళలో పెద్దాయన ఒకనాడు చెప్పాడు: "అమ్మా, మాట అనేముందు మూడు ప్రశ్నలు వేసుకో. నిజమా? మేలు చేస్తుందా? మెత్తగా చెప్పగలవా?" ఇక అప్పటినుంచి పుట్టి ఎక్కినవాళ్ళను ఆ మూడూ అడగందే చందక్క వదిలితే ఒట్టు!

ఆ ఊళ్ళో కొమ్మన, రేచన అన్నదమ్ములు. తమ్ముడు పొలం గట్టుకు గండికొట్టి నీళ్ళు మళ్ళించుకున్నాడని అన్న మండిపడ్డాడు. అవతలి ఒడ్డున పెద్దల ముందు నిలబడి "వీడు నాకేమీ కాడు" అని మూడుసార్లు అంటే, ఆనాటి కట్టుబాటు ప్రకారం బంధం తెగినట్టే. ఒకరి పాడె ఒకరు మోయకూడదు. ఆ మాట అనడానికే కొమ్మన బయల్దేరాడు. రేచన వెంటపడ్డాడు. ఉన్నది ఒకటే పుట్టి.

ఎక్కీ ఎక్కగానే కొమ్మన లేచి అరిచాడు. పుట్టి గిర్రున తిరిగింది.

"ముందు కూర్చో నాయనా, పుట్టి కదలాలి. నువ్వనేది నిజమా?"

"నిజమే! గండికొట్టింది వీడే!"

"కళ్ళారా చూశావా?"

కొమ్మన చూపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఈసారి రేచన లేచాడు. "చూడకుండానే దొంగనంటాడా? వీడి నోరు పడిపోను!" పుట్టి మళ్ళీ తిరిగింది.

"ముందు కూర్చో నాయనా, పుట్టి కదలాలి. ఆ మాట ఎవరికైనా మేలు చేస్తుందా?"

రేచన కూర్చున్నాడు. ఏటి నడుమకు వచ్చేసరికి కొమ్మన మళ్ళీ లేవబోయి, తనంతట తనే కూర్చున్నాడు.

"మెత్తగా చెప్పగలవా?" అంది చందక్క.

కొమ్మన తమ్ముడివైపు తిరిగాడు. "నా నారంతా ఎండిపోయిందిరా రేచా. పిల్లలకేం పెట్టను?"

రేచన ఏడ్చేశాడు. "గండి నేను కొట్టలేదన్నా. ఎండ్రకాయలు గట్టు తొలిచేశాయి. నేనే మట్టేసి పూడ్చాను. చెబుదామని వస్తే తిట్టి తలుపేశావు. నా నారులో సగం నీదే."

"హమ్మయ్య!" అంది చందక్క. పుట్టిని ఇంటివైపు తిప్పేసింది.

చందక్క పోయిన రోజున పాడె ముందు కొమ్మన పట్టాడు, వెనక రేచన పట్టాడు. పుట్టిని రేవులో బోర్లించారు. అదెప్పుడో చివికి ఏట్లో కలిసిపోయింది. కానీ ఇప్పటికీ ఆ వైపు ఎవరైనా పోట్లాడుకుంటుంటే, చూసినవాళ్ళు వాళ్ళ మధ్య చాప పరిచి అంటారు: "ముందు కూర్చోండి నాయనా, పుట్టి కదలాలి."